నా బదులు కూర్చున్న గొడుగు

విదేశాంగ శాఖ ఉద్యోగాల పరీక్షకు చదువుతున్న మన పిల్లలు కొందరు విరుదునగర్‌లో కలుసుకుంటున్నారనీ, నేనొచ్చి నాలుగు మాటలు చెప్పాలనీ అడిగారు. సరేనన్నాను. కోవిల్‌పట్టి నుంచి బస్సెక్కితే ఎంతో దూరం కాదు. తీరా మీరు సభ పెట్టుకున్న తారీఖు చూశాక నా వల్ల కాదని తెలిసింది. ఆ రోజు నాకు గొంతు ఉండదు. జలుబు కాదు, జబ్బు కాదు. ఆ రోజు నా మాట ఇంకోచోట ఉంటుంది. ఎక్కడో, ఎందుకో చెప్పాలంటే ఉద్యోగం సంగతి చెప్పాలి. అందుకని రాసి పంపుతున్నాను. మా ఆవిడ శారద చదివి వినిపిస్తుంది.

మీ ఇళ్ళల్లో మాట్లాడే తెలుగే నాదీనూ. తమిళనాట ఏళాయిరంపన్నై పక్కన నల్లరేగడి ఊరు మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం నాకు పెళ్ళయ్యాకే వచ్చాయి. శారదది తెనాలి. కొత్తలో నేను నోరు తెరిస్తే చాలు, "మా ముత్తవ్వ లేచొచ్చి మీసాలు పెట్టుకుని మాట్లాడుతున్నట్టుందండీ" అని పడీపడీ నవ్వేది. ఈ కాగితాల్లో తప్పులు దిద్దిందీ తనే. మనుషులు అన్న మాటల జోలికి మాత్రం వెళ్ళొద్దన్నాను. అవి వాళ్ళు అన్నట్టే ఉంచాను.

కుర్చీల ఉద్యోగం

ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళు వదిలేస్తున్నాను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. నేను ఐరోపాలోని ఒక రేవు పట్నంలో మన కాన్సలేట్‌లో వైస్ కాన్సల్‌గా చేశాను. పరాయి దేశంలో పాస్‌పోర్టు పారేసుకున్నవాడు, జైల్లో పడ్డవాడు, దిక్కులేకుండా చచ్చిపోయినవాడు, ఇలాంటివాళ్ళ తరఫున వెళ్ళి నిలబడటం మా పని. వెళ్ళి నిలబడటమే చాలాసార్లు పెద్ద తగాదా. నువ్వెవరివి, నిన్నెవరు పంపారు, నిన్ను మేం ఒప్పుకున్నామా అని అడుగుతారు. ఈ ప్రశ్నల చుట్టూ తిరిగి తిరిగి నా జుట్టు నెరిసింది.

ఆ దేశానికి దూరాన, ఇంకో సముద్రంలో, ఒక ద్వీపం ఉంది. ఇవాళ్టికీ వాళ్ళ చేతికిందే ఉంది. గవర్నరును అక్కణ్ణించే పంపుతారు. దాని పేరు చెప్పను, ఎందుకంటే గొడవ ఇంకా తెగలేదు. ఒకప్పుడు మనవాళ్ళని చెరకు తోటల పనికి ఓడలెక్కించి అక్కడికి తీసుకెళ్ళారు. ఎక్కడివాళ్ళనో కాదు, వత్రాప్ నుంచి, మా ఊరి చుట్టుపక్కల నుంచి. వాళ్ళ మునిమనవలు ఇంకా అక్కడే ఉన్నారు.

గొడవ ఇది. ఆ ద్వీపం కూడా మా కాన్సలేట్ కిందికే వస్తుందని మన ప్రభుత్వం అంటుంది. కాదు, ద్వీపం సంగతి వేరు, అక్కడ మీ ప్రతినిధిని మేం ఒప్పుకోలేదని వాళ్ళంటారు. ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. మేం పని మీద ద్వీపానికి వెళ్తే రానిచ్చేవాళ్ళు, కాఫీ ఇచ్చేవాళ్ళు, కుర్చీ వేసేవాళ్ళు. కుర్చీ ముందు పెట్టే అట్టముక్క మీద మాత్రం దేశం పేరు ఉండేది కాదు. 'సందర్శకుడు' అని ఉండేది.

మా కాన్సల్ మాథుర్ గారు. ఏ గదిలోకి వెళ్ళినా ముందు మనుషుల్ని చూసేవాడు కాదు, కుర్చీల్ని చూసేవాడు. మహా కోపిష్టి. గవర్నరు ఇచ్చిన విందులో తన కుర్చీ ముందు 'సందర్శకుడు' అని చూసి, భోజనమంతా కుర్చీ పక్కన నిలబడి, కంచం చేత్తో పట్టుకుని తిన్నాడు. చుట్టూ పెద్ద పెద్దవాళ్ళు, వెండి చెంచాలు, మధ్యలో ఈయన పెళ్ళిపందిట్లో చోటు దొరకనివాడిలాగా. నాకు నవ్వాగలేదు. బయటికొచ్చాక ఆయన నన్ను గట్టిగా వాయించాడు.

"నాకు ముందు కాన్సల్‌గా చేసినవాడు కాళ్ళనొప్పి అని ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఫొటో తీశారు. ఇప్పుడు ప్రతి సమావేశంలోనూ ఆ ఫొటో చూపించి, మీవాడే ఒప్పుకున్నాడుగా అంటున్నారు. కూర్చోవడమంటే సంతకం పెట్టడమే. గుర్తుంచుకో."

మీరు కూడా గుర్తుంచుకోండి. ఇంకొకటి, అవతలివాళ్ళు మాట్లాడుతుంటే తల ఊపకండి. వింటున్నామని చెప్పడానికి మనం ఊపుతాం. వాళ్ళు సరేనన్నట్టు రాసుకుంటారు. ఈ అలవాటు మానుకోవడానికి నేను మెడ బిగించుకుని కూర్చునేవాణ్ణి, అందుకే ఫొటోలన్నిట్లోనూ మెడ పట్టేసినవాడిలా ఉంటాను.

తాత కర్ర

ఇది చెప్పకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు. మీ ఇళ్ళల్లో కొందరికి తెలిసే ఉంటుంది.

మా వాళ్ళు తగువు తీర్చుకోవడానికి కూర్చుంటే దాన్ని కూటం అంటారు. నల్ల కంబళి పరిచి, మధ్యలో కలశం పెట్టి, అందులో వేపాకు వేస్తారు. ఒక్కో ఇంటి పెద్దకీ కంబళి మీద ఒక చోటు. ఎవరైనా రాలేకపోతే వాళ్ళ చేతికర్ర పంపుతారు. రోజూ చేతిలో ఉండే వస్తువు ఏదైనా సరే, చెయ్యి అరిగినది కావాలి. దాన్ని ఆ మనిషి చోట పెడితే ఆ మనిషి వచ్చినట్టే. దాని ముందు ఒప్పుకున్న మాట అతను ఒప్పుకున్నట్టే.

అంతేకాదు. కర్ర తిరిగి ఇంటికొచ్చి చేతికి తగిలేదాకా ఆ మనిషి మాట్లాడకూడదు. అతని మాట కర్రతో వెళ్ళింది కదా. ఇంట్లోవాళ్ళు కూడా అతన్ని పలకరించరు. నా చిన్నప్పుడు తాతకి జ్వరమొచ్చి కర్రను కూటానికి పంపారు. ఆ పూటంతా తాత అరుగు మీద కూర్చునే ఉన్నాడు. అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. జ్వరంలో పెదాలు ఎండిపోతున్నా తాత చెంబు ముట్టుకోలేదు. నేను "తాతా" అని పిలిస్తే అవ్వ పరుగున వచ్చి నా నోరు మూసింది.

"పిలవద్దురా! ఆయన ఈడ లేడు."

ఎదురుగా కూర్చున్న మనిషిని లేడంటుంది. ఆ మాటకి నాకు వణుకు పుట్టింది, ఇప్పటికీ తలుచుకుంటే పుడుతుంది. సాయంత్రం కర్ర తెచ్చి చేతిలో పెట్టారు. అప్పుడు చెంబెత్తి గడగడా తాగాడు. కూటానికి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పకముందే, అక్కడేం జరిగిందో ఆయనే చెప్పాడు. పక్కపొలం వాళ్ళు గట్టు జరపమన్నారట. "మన్ను కదిలేది లేదు అని సెప్పినా" అన్నాడు. తాత మాటల్లో అదొకటి. కుదరదు అని ఎప్పుడూ అనేవాడు కాదు, మన్ను కదిలేది లేదు అనేవాడు.

కర్ర తిరిగి రాకపోతే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. మా చిన్నతాత కర్రను పట్టుకెళ్ళినవాడు తిరిగొస్తూ దారిలో వాగులో పోగొట్టాడు. చిన్నతాత ఆ తర్వాత మాట్లాడలేదు, కొన్నాళ్ళకు పోయాడు. మా ఊళ్ళో ఇప్పటికీ కంబళి పరిస్తే ఆయన చోటు ఖాళీగా వదులుతారు. కొత్తవాళ్ళు తెలియక కూర్చోబోతే చెయ్యి పట్టుకుని లాగుతారు.

కొండ మీద కర్రలు

ద్వీపంలో రేవు పక్కనే ఒక చిన్న కొండ ఉంది. ఆ కొండ మీద మనవాళ్ళ గోరీలు. రేవును పెంచడానికి కొండను తవ్వేస్తామన్నారు. అభ్యంతరాలుంటే విచారణలో చెప్పుకోమన్నారు. అక్కడే మెలిక పెట్టారు. గోరీల మీద పేర్లు లేవు గనుక ఎవరు ఎవరి వారసులో తెలియదు, ఇప్పుడున్నవాళ్ళు అభ్యంతరం చెప్పడానికి వీల్లేదు అన్నారు. చచ్చిపోయినవాళ్ళు భారతదేశం నుంచి వచ్చినవాళ్ళు గనుక ఆ దేశపు ప్రతినిధి వచ్చి చెప్పవచ్చు అన్నారు. ఆ ప్రతినిధిని ఒప్పుకోనిదీ వాళ్ళే. ఎంత తీరుబడిగా వేశారో చూడండి ఈ ముడి.

మాథుర్ గారు నన్ను పంపాడు. రేవులో దిగగానే ఒక ముసలామె నాకోసం నిలబడి ఉంది. గురవమ్మ. అక్కడి మనవాళ్ళకి పెద్దదిక్కు. ఆమె ముత్తాత ఓడెక్కి వచ్చాక వాళ్ళలో ఒక్కరు కూడా తిరిగి ఇటు రాలేదు. నా నోటివెంట రెండు మాటలు రాగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఏళాయిరంపన్నై తట్టు మనిసివి గదా సామీ నువ్వు? మా అవ్వ ఇట్లే మాట్లాడేది. మాటలో నల్లమన్ను వాసన వస్తాండాది."

ఊరు చూడని మనిషి ఊరి పేరు అంత చప్పున చెప్పేసింది. కొండ మీదికి తీసుకెళ్ళింది. అక్కడ చూసింది మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ప్రతి గోరీకీ తలవైపు ఒక కర్ర పాతి ఉంది. చేతికర్రలు. కొన్ని నల్లబడి సన్నగిల్లాయి, కొన్ని కొత్తవి. సముద్రపు గాలి హోరున వీస్తోంది, చుట్టూ గడ్డి నేలకి ఒరిగిపోతోంది, కర్రలు మాత్రం ఒక్కటీ కదలడం లేదు. నిశ్శబ్దంగా కూర్చుని ఎవరి మాటో వింటున్న మనుషుల మధ్యకి చెప్పకుండా వచ్చినట్టనిపించింది. చెప్పులు విప్పేశాను.

"వీళ్ళంతా ఇంకా కూటంలోనే ఉండారు సామీ," అంది గురవమ్మ. "పనికి పంపినారు, కర్ర పంపినట్ల. తిరిగి ఇంటికి తీసకపొయ్యేదానికి ఎవురూ రాలేదు. ఇంక ఈ మన్ను గూడా తవ్వేస్తే యాడ కూసుంటారు?"

నాకు ఏడుపొచ్చింది. ప్రభుత్వ ఉద్యోగిని, ఏడవకూడదు, అయినా వచ్చింది. నేను వాళ్ళ తరఫున వచ్చినవాణ్ణి, నన్ను వచ్చినవాడిగా ఒప్పుకునేవాడు లేడు.

విచారణ

విచారణ గవర్నరు కచేరీలోని హాల్లో. పొద్దున్నే వెళ్ళి కుర్చీ చూశాను. అట్టముక్క మీద 'సందర్శకుడు' అనే ఉంది. మార్చమంటే ప్రోటోకాల్ చూసే అమ్మాయి నవ్వుతూ, "మీకోసం కిటికీ పక్కన మంచి చోటు పెట్టాను" అంది. మాథుర్ గారికి ఫోన్ చేశాను.

"కూర్చోవద్దు," అన్నాడు. "సందర్శకుల్లో నిలబడనూ వద్దు. వచ్చెయ్."

"సార్, అభ్యంతరం చెప్పేవాళ్ళు లేకపోతే ఇవాళే ముగించేస్తారు. కొండ పోతుంది."

"కూర్చుంటే కొండ ఒక్కటే కాదు, ద్వీపమంతా పోతుంది. వచ్చెయ్." ఫోన్ పెట్టేశాడు.

ఆయన చెప్పింది తప్పు కాదు, ఆ సంగతి ఇప్పటికీ అంటాను. హాల్లో మనవాళ్ళు వెనక బెంచీల మీద ఒదిగి కూర్చుని నా వంకే చూస్తున్నారు. గురవమ్మ ముందు వరసలో ఉంది, పక్కన ఆమె మనవరాలు జానకి. నా చేతిలో గొడుగు ఉంది. కోవిల్‌పట్టి బజారులో కొన్న నల్ల గొడుగు, లోపలివైపు తెల్లరంగుతో మా ఇంటిపేరు రాయించుకున్నాను. మన ఎండలకి అలవాటుపడి ఎక్కడికెళ్ళినా అది లేకుండా కదిలేవాణ్ణి కాదు. పట్టుకునేచోట చెక్క నా అరచేతికి తగ్గట్టు అరిగిపోయింది.

ఆలోచించి చేశానని చెప్పను. చెయ్యి చేసింది. ఆ గొడుగును కుర్చీలో, దాని వీపుకి ఆనించి నిలబెట్టి, వరండాలోకి వచ్చేశాను. నేను కూర్చోలేదు, సందర్శకుల్లో నిలబడలేదు. ఎవరో గొడుగు మరిచిపోయారని వాళ్ళనుకున్నారు. ఈ పని మన ఊళ్ళ మనిషి తప్ప ఇంకెవడూ చెయ్యడు.

కిటికీలోంచి చూస్తున్నాను. అధ్యక్షుడు ఒక పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని మాటవరసకి అడిగాడు. గురవమ్మ లేచింది. నీకు హక్కు లేదమ్మా, కూర్చో అన్నారు. ఆమె వాళ్ళ వంక చూడలేదు. నా కుర్చీకేసి తిరిగి చేతులు కట్టుకుంది.

"సామీ, అడుగుతాండారు. నువ్వేమంటావు?"

అని చెవి ఒగ్గి వింది. కాసేపటికి తల తిప్పి, "వద్దంటాండారు" అంది. దుబాసీ కూలికొచ్చిన కుర్రవాడు, ఏం వింటే అది చెప్పడమే అతని పని. "భారతదేశపు ప్రతినిధి అభ్యంతరం చెబుతున్నారు" అని అనువదించాడు. రాసేవాడు రాసేశాడు. తర్వాత అందరూ మేలుకుని, ప్రతినిధి ఎవరు, ఎక్కడ, గొడుగేమిటి అని గొడవ మొదలైంది. అప్పటికే కాగితం మీదికి ఎక్కింది. కొట్టెయ్యాలంటే ప్రతినిధి లేడని రాయాలి. లేడని రాస్తే, ఉండే హక్కు మాకుందా లేదా అన్న అసలు తగాదా మళ్ళీ రాజధానులకి వెళ్తుంది. అధ్యక్షుడికి చెమట పట్టింది. వాయిదా వేశాడు.

వరండాలో కచేరీ డ్రైవరు నన్ను ఏదో అడిగాడు. జవాబు చెప్పబోతే గొంతు పెగల్లేదు. గాలి కూడా రాలేదు. నోరు తెరిచి, మూసి, చేత్తో సైగ చేశాను. హాలు తలుపులు మూసేదాకా అంతే. తగువు తెగకుండా కూటం లేచింది గనుక, మళ్ళీ కూర్చునేదాకా మాట నాకు వదిలినట్టుంది.

గొడుగు తీసుకోవడానికి వెళ్తే గురవమ్మ అడ్డం నిలబడింది.

"ఇంకా తగువు తెగలేదు గదా సామీ. తెగనిది ఎట్ల ఎత్తుతావు? నీకు తెలీదా?"

తెలుసు. తగువు తెగకముందు కర్ర ఎత్తితే ఆ మనిషి లేచి వెళ్ళిపోయినట్టు, మాట వెనక్కి తీసుకున్నట్టు. గొడుగు వదిలేసి వచ్చేశాను.

మాథుర్ గారు అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. "కూర్చోలేదు, వెళ్ళిపోలేదు," అన్నాడు. "ఇది నీకెవడు నేర్పాడు?" మా తాత అన్నాను. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. కానీ ద్వీపం నుంచి ఎవరొచ్చినా, ఆ హాల్లో గొడుగు ఉందా అని ముందు అడిగేవాడు.

గొంతు పోయే రోజులు

ఆ తర్వాత విచారణ మళ్ళీ మళ్ళీ జరిగింది, మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. గొడుగును ఎవరూ తియ్యలేదు. తీస్తే, దాన్ని ప్రతినిధిగా ఒప్పుకుని తీశారని రేపు మనవాళ్ళు అంటారేమోనని వాళ్ళ భయం. నేను బదిలీ అయ్యాను, ఇంకో దేశం, ఇంకో దేశం. ఉన్నట్టుండి ఒకరోజు మీటింగ్ మధ్యలో నాకు మాట పోయేది. సాయంత్రానికి వచ్చేది. డాక్టర్లు గొంతులో దీపాలు వేసి చూశారు, ఏమీ లేదన్నారు. మర్నాడో, ఆ పై వారమో తెలిసేది, ఆ రోజే ద్వీపంలో విచారణ జరిగిందని. మొదట కాకతాళీయం అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను.

రిటైరయ్యి కోవిల్‌పట్టిలో ఇల్లు కట్టుకున్నాం. గురవమ్మ పోయిందని జానకి ఫోన్ చేసి చెప్పింది. ఆ పిల్ల అక్కడ బడిలో పాఠాలు చెబుతుంది, వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు మాట్లాడుతుంది. గురవమ్మ లేకుండా జరిగిన మొదటి విచారణ రోజు కూడా నాకు గొంతు పోయింది. మర్నాడు జానకి మళ్ళీ చేసింది.

"తాతా, నిన్న మేము ఎవురమూ లెయ్యలేదు. అడిగేదానికి అవ్వ లేదు గదా. బయంతో ఊరికే కూసున్నాము. దుబాసీ తనకు తానే సెప్పినాడు, ప్రతినిధి వద్దంటున్నారని."

"అలవాటై చెప్పి ఉంటాడమ్మా."

"అతను కొత్త మనిషి తాతా. మీ సంగతి ఏమీ తెలీదు. అయిపోయినాక నా దగ్గరికొచ్చి అడిగినాడు, ఆ పెద్దాయన ఏడి, దండం పెట్టి పోతాను, నిదానంగా మాట్లాడతాడు, అనువాదం సుళువుగా ఉండాది అని."

ఇంతకీ ఏం విన్నాడని అడిగాను.

"మన్ను కదిలేది లేదు, అని."

ఆ మాట నేను ఆ ద్వీపంలో ఎవరికీ చెప్పలేదు. శారదకి కూడా అప్పటిదాకా చెప్పలేదు. ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళి, ఎండలో నిలబడ్డాను. వేడి తగులుతోందా లేదా అని చేతులు చూసుకున్నాను.

మా అక్క ఏళాయిరంపన్నై దగ్గర మా ఊళ్ళోనే ఉంటుంది. విషయం తెలిసి, శివకాశి నుంచి వచ్చే వ్యాన్‌లో సగం దూరం, బస్సులో సగం దూరం ప్రయాణం చేసి వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏమిరా తమ్ముడా, గొడుగును ఆడ పెట్టేసి ఈడ నిమ్మదిగా తింటాండావా? చిన్నతాత కత మర్చిపోయినావా? నీకు గుండె సరిలేదని డాక్టరు సెప్పినాడు గదా. రేపు ఏమైనా అయితే నువ్వు ఆడనే కూసోవాల్సిందే. తెప్పించుకో!"

"చిన్నతాత చోటు ఖాళీగానే ఉంటుంది కదక్కా. అక్కడ ఎవరికైనా ఏమైనా వినిపించిందా ఎప్పుడైనా?"

అక్క నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "వినిపించకపోతే చోటు ఎందుకు వదుల్తాము?"

అదే నెలలో జానకి ఇక్కడి ఊళ్ళు చూడటానికి వస్తున్నానంది. ముత్తాతల ఊరు, వత్రాప్ కొండలు, అన్నీ చూడాలంది. ఆఖర్న నెమ్మదిగా అడిగింది.

"తాతా, మీ గొడుగు తేవాల్నా? అది మీది. మీకు బయముంటే తెస్తాను. మేము ఏమీ అనుకోము."

ఏమీ అనుకోరు. కానీ గొడుగు లేచిన మర్నాడే ఆ కొండ మీదికి యంత్రాలొస్తాయి. మన ప్రభుత్వానికీ వాళ్ళ ప్రభుత్వానికీ మధ్య ప్రతినిధి తగాదా ఇప్పటికీ తేలలేదు. మన తరఫున మాట్లాడేవాడు ఇంకొకడు లేడు. మరో పక్క, నాకు వయసైపోతోంది. నేను పోయాక కూడా ఆ హాల్లో, కిటికీ పక్కన, నవ్వుతూ వేసిన ఆ కుర్చీలో కూర్చుని ఉండాలి. ఎవరూ పలకరించరు. పిలిస్తే, ఈడ లేడు అంటారు. భయం లేదంటే అబద్ధం. కొన్నాళ్ళు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ఆ కర్రలన్నీ గుర్తొచ్చాయి. ఇంటికి తీసుకెళ్ళేవాడు వస్తాడని అన్నేళ్ళు చూసి, చివరికి వచ్చినవాణ్ణి నేను. ఒక్క కర్ర కూడా వెనక్కి తేలేదు. తేలేనప్పుడు వాళ్ళతోపాటు కూర్చోవడమైనా చెయ్యాలి. జానకికి ఫోన్ చేసి, నువ్వు రా తల్లీ, గొడుగు అక్కడే ఉండనీ అన్నాను. అవతల ఆ పిల్ల ఏడ్చింది. ఇవతల నేనూ ఏడ్చాను.

మీలో ఈ ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి నా మాట ఇదే. ఎవరి తరఫునైనా నిలబడితే పని అయిపోగానే చేతులు దులుపుకుని రావచ్చని అనుకోకండి. కొన్నిచోట్ల మీరు వచ్చేస్తారు, మీ మాట రాదు. అది తెలిసి వెళ్ళండి. తెలిసీ వెళ్ళేవాళ్ళే కావాలి అక్కడ.

శారద

శారదకి ఇవన్నీ చాదస్తాలు. గొంతు పోయిన రోజున మిరియాల కషాయం కాచి, "ఆ ఫ్యాను కింద నోరు తెరుచుకుని పడుకుంటే గొంతు పోక ఏమవుద్దండీ, మళ్ళీ దానికో ద్వీపం, ఓ గొడుగు" అని రోజంతా సణుగుతుంది. ఆ సణుగుడు నాకు ధైర్యంగా ఉండేది. ఆవిడ నన్ను తిడుతోందంటే నేను ఇక్కడే ఉన్నాననే కదా.

ఇది రాస్తుండగా మధ్యలో వచ్చిన విచారణ నాటికి ఈ కాగితాల్లో సగం దిద్దింది. తాత కర్ర సంగతి అప్పుడే చదివింది. ఆ పొద్దున నాకు మాట రాలేదు. బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను, కషాయం కోసం, తిట్ల కోసం చూస్తూ. శారద వచ్చింది. చేతిలో కషాయం గ్లాసు లేదు. ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. నా ముఖం చూడకుండా, ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్ళి, తలుపు నెమ్మదిగా దగ్గరికి వేసింది. నాకు దాహంగా ఉంది. చెంబు మీద చెయ్యి వెయ్యలేకపోయాను.

మీ సభ రోజున మళ్ళీ విచారణ. జానకి తారీఖు చెప్పింది. శారద విరుదునగర్ వచ్చి నాకు వేసిన కుర్చీలో కూర్చుని ఇది చదువుతుంది. చదువుతున్నది శారదే అయినా, ఈ కాగితాలు నావి, నా చేతి రాతవి, నా చెయ్యి అరిగినవి. ఒక మనిషి ఒకేసారి ఎన్నిచోట్ల కూర్చోగలడో నాకు తెలియదు.

కాబట్టి ఒక్క ఉపకారం చెయ్యండి. చదవడం అయ్యాక, చప్పట్లు, టీలు, ఫొటోలు, ఏ హడావిడిలోనూ ఈ కాగితాలు ఆ కుర్చీ మీద వదిలెయ్యకండి. జాగ్రత్తగా శారద చేతికిచ్చి బస్సెక్కించండి. అవి నా చేతికి తగలాలి. నేను అరుగు మీదే ఉంటాను, పక్కన నీళ్ళ చెంబు ఉంటుంది.